ఎన్నూరు ఏలుబడి: కౌలు పత్రం నుండి ఏరియా సభ వరకు

చెన్నై మహానగర పటంలో ఉత్తరపు కొసన, సముద్రానికీ ఉప్పుటేటికీ నడుమ ఇరుకుగా సాగిన నేల ఎన్నూరు. దీని పాత గ్రామనామం కత్తివాక్కం. నగరి ప్రాంతపు నీటిని వెంటబెట్టుకొని వచ్చే కుశస్థలి నది ఈ ఊరి వద్దనే కడలిలో కలుస్తుంది. ఆ నదివలెనే ఆంధ్రదేశం నుండి కదలివచ్చి, ఇక్కడి కర్మాగారాలలోను, రేవు పనులలోను, చేపల వేటలోను స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి.

ఈ చిన్న ఊరు ఎవరి ఏలుబడిలో ఉండాలన్న ప్రశ్న ఒకప్పుడు ఆర్కాటు కొలువులోను, ఢిల్లీ దర్బారులోను చర్చకు వచ్చింది. కానుకలు కదిలాయి, పత్రాలు మారాయి, చివరకు పొరుగున ఉన్న తిరువొత్తియూరు వద్ద తుపాకులు పేలాయి. ఇంత జరిగినా, గ్రామంలో నివసించేవారి అభిప్రాయాన్ని అడిగే ఏర్పాటు ఏ దశలోనూ లేదు. నేడు అదే నేల మీద ఓటు వేసే హక్కు, వార్డు ప్రతినిధిని ప్రశ్నించే హక్కు నివాసికి ఉన్నాయి. ఆ రెండు స్థితుల నడుమ గడచిన దూరాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కౌలు అనే మాట

పొలాన్ని కౌలుకు తీసుకోవడమంటే ఏమిటో తెలుగు రైతుకు చెప్పనక్కరలేదు. నేల ఒకరిది, సాగు మరొకరిది. నడుమ ఒక ఒప్పందం. అరబ్బీలో మాట, వాగ్దానం అనే అర్థం గల పదమే పారసీక ఆస్థాన భాష ద్వారా మనకు కౌలుగా చేరింది. ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ మద్రాసును తొలుత ఏలినది విజేతగా కాదు. అచ్చంగా ఈ అర్థంలో, కౌలుదారుగా.

కంపెనీ 1611లో మచిలీపట్నంలోను, 1626లో దుగరాజపట్నంలోను వర్తకస్థానాలు పెట్టింది. ఈ రెండూ తెలుగు తీరంలోనివే. దుగరాజపట్నంలో వ్యాపారం ఆశించినట్లు సాగకపోవడంతో అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణంగా మరొక చోటు వెదికాడు. ఆనాడు ఈ తీరం విజయనగర ఆరవీటి రాజుల ప్రాబల్యం కింద ఉన్న దామెర్ల వెంకటప్ప నాయకుని ఏలుబడిలో ఉండేది. 1639 ఆగస్టులో ఆయన ఇచ్చిన పత్రం ద్వారా కోట కట్టుకొనే అనుమతి, నాణేలు ముద్రించుకొనే హక్కు, పట్టణ ఆదాయంలో భాగం కంపెనీకి దక్కాయి. నాయకుని తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం వెలసింది. 1645లో విజయనగర రాజు మూడవ శ్రీరంగరాయలు మరొక పత్రంతో ఈ హక్కులను స్థిరపరిచాడు.

అటుపిమ్మట గోల్కొండ సేనలు ఈ ప్రాంతాన్ని వశపరచుకోగా, కంపెనీ కొత్త ప్రభువుతో మళ్ళీ మాట కుదుర్చుకోవలసివచ్చింది. పట్టణపు ఆదాయంలో ప్రభువు వాటా ఎంత అన్న తగవు ఏళ్ళ తరబడి నడిచింది. 1672లో గోల్కొండ ప్రతినిధి నెక్‌నాం ఖాన్ ఇచ్చిన కౌలుతో అది తీరింది. దాని ప్రకారం కంపెనీ ఏటా 1200 వరహాలు చెల్లిస్తే చాలు. పట్టణ వ్యవహారాలలో ప్రభువు అధికారులు జోక్యం చేసుకోరు. ఈ ఒప్పందం ప్రాముఖ్యం సులభంగానే గ్రహించవచ్చు. ఆదాయంలో వాటా అయితే ప్రభువు మనుషులు లెక్కలు చూడటానికి రావాలి. నిర్ణీతమైన శిస్తు అయితే ఆ అవసరం లేదు. పట్టణం ఎంత పెరిగినా, శిస్తు పెరగదు. 1687లో గోల్కొండ మొగలుల వశమైన తరువాత కూడ ఇదే శిస్తు మొగలు అధికారులకు చెల్లుతూ వచ్చింది. 1752లో ఆర్కాటు నవాబు మహమ్మదలీ దానిని రద్దు చేసేవరకు, కాగితం మీద కంపెనీ మద్రాసుకు కౌలుదారే.

ఆనాటి రాజపత్రాలలో తరతమ భేదాలు ఉండేవి. చక్రవర్తి స్వయంగా ఇచ్చేది ఫర్మానా. రాకుమారుడు ఇచ్చేది నిషాను. వజీరు, సుబేదారు, నవాబు వంటివారు ఇచ్చేది పరవానా. పదవికి, భూమికి ఆధారమైన పత్రం సనదు. కింది అధికారి ఇచ్చిన దానిని పై అధికారి, లేదా అతని స్థానంలోకి వచ్చిన మరొకరు తోసిపుచ్చవచ్చు. కాబట్టి ఎవరి ముద్ర ఉన్న పత్రం చేతిలో ఉన్నదనేదే దాని బలాన్ని నిర్ణయించేది. కత్తివాక్కం కథ అంతా ఈ తేడా చుట్టూనే తిరిగింది.

పట్టణం లోపలి పాలన

బయటి ప్రభువులతో సంధి ఒక ఎత్తు. లోపల జనాన్ని పాలించడం మరొక ఎత్తు. కోటలోని కొద్దిమంది ఆంగ్లేయులకు స్థానిక భాషలు రావు. అందుచేత పాలన తెలుగు, తమిళ మధ్యవర్తుల చేతుల మీదుగా నడిచింది. రెండు భాషలు తెలిసిన దుబాసీ, లెక్కలు వ్రాసే కణక్కుపిళ్ళ, కావలి కాసే పెద్దనాయకుడు, సరుకు సమకూర్చే ప్రధాన వర్తకుడు - వీరే ఆ యంత్రాంగానికి కాళ్ళు, చేతులు. బేరి తిమ్మన్న, కాశ వీరన్న వంటి తెలుగు వర్తకులు పదిహేడవ శతాబ్దంలో కంపెనీ వ్యాపారాన్ని నిలబెట్టినవారు.

పెద్దనాయకుని పదవి వంశపారంపర్యం. పట్టణానికి కావలి ఏర్పాటు చేయడం, దొంగలను పట్టడం అతని విధి. దొంగ దొరకకపోతే పోయిన సొత్తుకు అతడే పరిహారం ఇచ్చుకోవాలి. ప్రతిఫలంగా శిస్తులేని పొలాలు, బజారుకు వచ్చే సరుకుల మీద చిన్న చిన్న రుసుములు అతనికి దక్కేవి. నేటి పెద్దనాయకన్‌పేట ఆ పదవి పేరునే మోస్తున్నది.

చిన్న వివాదాలు చావడిలో తీరేవి. 1678లో గవర్నరు స్ట్రెయిన్‌షాం మాస్టర్ చావడి న్యాయస్థానాన్ని పునర్వ్యవస్థీకరించి, వారానికి రెండు రోజులు న్యాయాధికారులు కూర్చునే ఏర్పాటు చేశాడు. ఇండ్లు, తోటల అమ్మకాలు కూడ చావడిలోనే నమోదయ్యేవి.

పన్నుల విషయంలో మాత్రం పాలకులకు, ప్రజలకు పొత్తు కుదరలేదు. 1686లో పట్టణపు గోడ ఖర్చును నివాసులు భరించాలని ఉత్తర్వు వెలువడగా, జనం పనులు మాని ప్రతిఘటించారు. లండనులో కంపెనీ పెద్దయైన జోషియా చైల్డు దీనికి ఒక ఉపాయం ఆలోచించాడు. పైనుండి బలవంతంగా వేసిన చిన్న పన్నుకన్న, తమ ప్రతినిధులు తామే నిర్ణయించిన పెద్ద పన్నును ప్రజలు ఇష్టంగా చెల్లిస్తారన్నది అతని తర్కం. ఆ తర్కం నుండే 1687 డిసెంబరు 30 నాటి అధికార పత్రం పుట్టింది. 1688 సెప్టెంబరు 29న మద్రాసు నగరపాలక సంస్థ ప్రారంభమైంది. నథానియేల్ హిగిన్సన్ తొలి మేయరు. పన్నెండుగురు ఆల్డర్‌మెన్, అరవైమంది బర్గెస్‌లు ఆ సభకు అంగాలు.

ఆ పన్నెండుగురిలో చిన్న వెంకటాద్రి, ముద్దు వీరన్న, అలంగాత పిళ్ళ అనే ముగ్గురు స్థానిక వర్తకులు ఉన్నారు. చిన్న వెంకటాద్రి బేరి తిమ్మన్న తమ్ముడు. అంటే నగరపాలక సంస్థ తొలి సభలోనే తెలుగువారి ఉనికి కనబడుతుంది. అయితే వారు ప్రజలు ఎన్నుకొన్నవారు కారు. కంపెనీ నియమించిన ధనికులు. వారిని సభలో కూర్చోబెట్టినది పన్ను వసూలు తేలిక కావడానికే. ఆ స్థానమైనా శాశ్వతం కాలేదు. 1726 నాటి రాజపత్రం సంస్థను పునర్నిర్మించినప్పుడు ఆల్డర్‌మెన్ సంఖ్య తొమ్మిదికి తగ్గింది. వారిలో ఏడుగురు పుట్టుకతో బ్రిటిషు ప్రజలై ఉండాలని నియమం వచ్చింది. తెలుగు, తమిళ వర్తకులకు ప్రత్యేకించిన స్థానాలేవీ అందులో లేవు. సంస్థ ముఖ్యంగా ఒక న్యాయస్థానంగా మారిపోయింది.

అయిదు గ్రామాల బేరం

పట్టణం పెరిగేకొద్దీ చుట్టుపట్ల పల్లెల మీద కంపెనీ చూపు పడింది. 1693లో మొగలు అధికారుల నుండి ఎళుంబూరు, పురసవాక్కం, తండయార్‌పేట గ్రామాలు దక్కాయి. అవి చాలవని 1702లో తేటతెల్లమైంది. ఆ యేడు కర్ణాటక ప్రాంతపు మొగలు అధికారి దావూద్ ఖాన్ మద్రాసును దాదాపు మూడు నెలల పాటు దిగ్బంధించాడు. కోటను పడగొట్టనక్కరలేకుండానే ధాన్యం, కట్టెలు, బట్టల రాకపోకలను ఆపి పట్టణాన్ని ఇరుకున పెట్టవచ్చునని ఆ ముట్టడి చూపింది. చివరకు కంపెనీ సొమ్ము ముట్టజెప్పి బయటపడింది. చుట్టుపట్ల పల్లెలు ఇతరుల చేతిలో ఉన్నంత కాలం దారులు కూడ వారి చేతిలోనే ఉంటాయి.

అప్పటి గవర్నరు థామస్ పిట్ 1698 నుండి 1709 వరకు మద్రాసును పాలించాడు. అతడు పోరుకన్న బేరాన్ని నమ్మాడు. మొగలు ఆస్థానపు మర్యాదలు తెలిసిన వెనిస్ నగరవాసి నికొలావ్ మనూచీ ఆ కాలంలో మద్రాసులోనే ఉండేవాడు. అతనిని ముందే దావూద్ ఖాన్ వద్దకు దూతగా పంపారు. శత్రువుగా వచ్చినవానితోనే రాకపోకలు కొనసాగించడం, కానుకలు పంపడం, అదను కోసం వేచి ఉండడం పిట్ పద్ధతి. 1707లో ఔరంగజేబు మరణించాడు. వారసత్వ యుద్ధంతో దర్బారు కలగిపోయింది; అధికారుల పదవులు కదిలాయి. సరిగ్గా ఆ సందులో, 1708లో, దావూద్ ఖాన్ అయిదు గ్రామాలను కంపెనీకి ఇచ్చాడు. అవి తిరువొత్తియూరు, నుంగంబాక్కం, వ్యాసర్పాడి, సాత్తంగాడు, కత్తివాక్కం.

ఎన్నూరు కంపెనీ పత్రాలలోకి ఎక్కినది ఈ విధంగా. కాని ఆ పత్రం చక్రవర్తి ఫర్మానా కాదు. దావూద్ ఖాన్ బదిలీ అయ్యాక కర్ణాటక వ్యవహారాలు సాదతుల్లా ఖాన్ చేతికి వచ్చాయి. ఒక అధికారి ఇచ్చిన దానిని మరొక అధికారి గౌరవించనక్కరలేదన్నది అతని వైపు వాదన. 1711లో అయిదు గ్రామాలూ తిరిగి నవాబు పాలనలోకి వెళ్ళాయి. మూడేళ్ళలో కత్తివాక్కం రైతు, పల్లెకారుడు, ఉప్పరి ఇద్దరు ప్రభువులను చూశారు.

ఢిల్లీ ఫర్మానా, తిరువొత్తియూరు పోరు

కింది పత్రం నిలవకపోతే పై పత్రం తేవలసిందే. కంపెనీ కలకత్తా నుండి ఒక రాయబారాన్ని ఢిల్లీకి పంపింది. జాన్ సర్మన్ దానికి నాయకుడు. ఎడ్వర్డ్ స్టీఫెన్‌సన్, ఆర్మీనియా వర్తకుడు ఖోజా సర్హద్, వైద్యుడు విలియం హామిల్టన్ అతని వెంట ఉన్నారు. 1715 జూలైలో వారు చక్రవర్తి ఫరూఖ్‌సియర్ కొలువుకు చేరారు. సయ్యదు సోదరుల పక్షం, ఇతర ఉమరావుల పక్షం - ఏ తలుపు తడితే పని జరుగుతుందో తెలియక నెలలు గడిచాయి. హామిల్టన్ చక్రవర్తి జబ్బును నయం చేయడంతో రాయబారానికి ఆదరణ పెరిగిందన్నది నిజమే. అయినా ఆ చికిత్స తరువాత కూడ ఏడాదికి పైగా అర్జీలు బల్లల మీదనే తిరిగాయి. 1717లో గాని ఫర్మానాలు చేతికి అందలేదు. అవి మూడు: బెంగాలుకు, గుజరాతుకు, మద్రాసు చేరివున్న దక్కను సుబాకు ఒక్కొక్కటి.

బెంగాలులో సుంకాల మినహాయింపు ఇచ్చినందుకు ఆ ఫర్మానా చరిత్ర పుస్తకాలలో ప్రసిద్ధి పొందింది. మద్రాసుకు దాని వలన కలిగిన లాభం వేరు: అయిదు గ్రామాల మీద హక్కు చక్రవర్తి ముద్రతో స్థిరపడింది.

ముద్ర పడినంత మాత్రాన నేల చేతికి రాదని గవర్నరు జోసెఫ్ కాలెట్‌కు తెలుసు. 1717లో అతడు గ్రామాలను స్వాధీనం చేసుకొన్నాడు. నవాబు వైపు అధికారులు ఒప్పుకోలేదు. వారి బలగం తిరువొత్తియూరులోకి వచ్చింది. కంపెనీ సైనికులు లెఫ్టినెంటు జాన్ రోచ్ నాయకత్వంలో వారిని తరిమివేశారు. పోరు చిన్నదే. కాని ఢిల్లీలో సంపాదించిన కాగితానికి స్థానికంగా అండగా నిలిచినది కంపెనీ తుపాకి అని అది వెల్లడించింది. ఫర్మానా, కానుక, దుబాసీ, సైనికుడు - ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా కత్తివాక్కం కంపెనీది అయి ఉండేది కాదు.

గ్రామంలో వచ్చిన మార్పు

ప్రభువు మారితే పల్లెలో ఏమి మారుతుంది? మొదటి సమాధానం: శిస్తు చెల్లించే చోటు. కంపెనీ తన గ్రామాలను తిన్నగా పాలించడానికి ఇష్టపడలేదు. ఆదాయాన్ని గుత్తకు ఇవ్వడం దాని వాడుక. గుత్తదారు ఒక నిర్ణీత మొత్తాన్ని కంపెనీకి చెల్లించి, గ్రామం నుండి తానే వసూలు చేసుకొంటాడు. తేడా అతని లాభం. మద్రాసులో ఇటువంటి గుత్తలు పట్టినవారిలో తెలుగు వర్తకులు కూడ ఉన్నారు. ఈ విషయాన్ని దాచనక్కరలేదు. ఒకే భాష మాట్లాడేవాడు వసూలుకు వచ్చినంత మాత్రాన శిస్తు తేలిక కాలేదు.

రెండవ మార్పు జనావాసాలలో వచ్చింది. బట్టల వ్యాపారమే కంపెనీకి ప్రాణం కాబట్టి నేతగాళ్ళను తన సరిహద్దులలో స్థిరపరచుకోవడం దానికి అవసరం. తిరువొత్తియూరు పక్కన కాలెట్ స్థాపించిన నేతగాళ్ళ పేట అతని పేరుతోనే నేటికీ కాలాడిపేటగా నిలిచి ఉన్నది. 1734లో ఇదే విధంగా చింతాద్రిపేట వెలసింది. కంపెనీ ప్రధాన వర్తకుడు సుంకురాముని తోట ఉన్న చోట ఆ పేటను కట్టారు. పని కోసం ఊరు విడిచి వచ్చినవారికి ఇంటి స్థలం, కొంత కాలం పన్ను మినహాయింపు చూపి రప్పించడం ఆ పేటల రహస్యం. ఉత్తర చెన్నైకి వలస కొత్త కాదు. వలసవారిని నమ్ముకొనే పేటలు వెలిశాయి.

మూడవది, సరిహద్దు జరుగుతూ పోయింది. 1742లో ఆర్కాటు నవాబు వేప్పేరి, పెరంబూరు, పుదుపాక్కం, ఎర్నావూరు, సడయాన్‌కుప్పం గ్రామాలను కూడ కంపెనీకి ఇచ్చాడు. వీటిలో ఎర్నావూరు, సడయాన్‌కుప్పం ఎన్నూరుకు ఇరుగుపొరుగులే. 1763లో చెంగల్పట్టు జాగీరు మొత్తం దక్కడంతో, ఒకనాడు ఎల్లగా ఉన్న కత్తివాక్కం కంపెనీ భూభాగంలో లోపలి గ్రామమైపోయింది.

అంతకు ముందే మరొక విచిత్రం జరిగింది. 1746లో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకొన్నారు. రెండేళ్ళ తరువాత ఐరోపాలోని ఆక్స్-లా-షపెల్ సంధిలో, ఉత్తర అమెరికాలో ఆంగ్లేయులు గెలుచుకొన్న లూయీబర్గ్ కోటను ఫ్రాన్సుకు ఇచ్చి, మద్రాసును ఆంగ్లేయులు తిరిగి తీసుకొన్నారు. 1749లో అప్పగింత జరిగింది. కెనడా తీరంలోని ఒక మంచు కోటకు బదులుగా బంగాళాఖాతపు ఒక పట్టణం చేతులు మారింది. పట్టణంలో ఉన్న లక్షణమైన చావడికి గాని, పల్లెలోని రచ్చబండకు గాని ఆ చర్చలో చోటు లేదు.

ఉప్పు, కాలువ

దౌత్యం ముగిసిన చోట దైనందిన పాలన మొదలవుతుంది. ఎన్నూరు బతుకును ఎక్కువగా మార్చినవి రెండు నిర్ణయాలు. మొదటిది 1805లో మద్రాసు రాజధానిలో నెలకొల్పిన ఉప్పు గుత్తాధిపత్యం. ఎన్నూరు, అత్తిపట్టు పరిసరాల ఉప్పుమడులలో పండిన ఉప్పు ప్రభుత్వ కొటారుకే చేరాలి, ప్రభుత్వం నిర్ణయించిన ధరకే అమ్ముడుపోవాలి. అనుమతి లేకుండా ఉప్పు తీయడం నేరమైంది. సముద్రం ఇంటి ముందే ఉన్నా, దాని ఉప్పు ఇంటివారిది కాకుండా పోయింది.

రెండవది కాలువ. బేసిల్ కాక్రేన్ అనే వర్తకుడు సుంకం వసూలు చేసుకొనే హక్కుతో మద్రాసు నుండి ఎన్నూరు వరకు కాలువ తవ్వించాడు; 1801లో మొదలైన పని 1806 నాటికి పూర్తయింది. 1837లో ప్రభుత్వం దానిని తన అధీనంలోకి తీసుకొన్నది. క్రమంగా అది పులికాటు, దుగరాజపట్నం, కృష్ణపట్నం మీదుగా పెదగంజాం వరకు పెరిగి, కృష్ణా డెల్టా కాలువలతో కలిసింది. 1876-78 నాటి మహాకరవులో కూలి పనుల కింద మద్రాసులోని అడయారు, కూవం నదుల నడుమ భాగాన్ని తవ్వి ఉత్తర, దక్షిణ కాలువలను కలిపారు. 1878లో అప్పటి గవర్నరు పేర అది బకింగ్‌హాం కాలువ అయింది. ఉప్పు, శ్రీహరికోట అడవుల కట్టెలు, నెల్లూరు ధాన్యం పడవలలో మద్రాసుకు వచ్చేవి. రైలు రాక పూర్వం నెల్లూరు, ఒంగోలు వైపు తెలుగువారికి మద్రాసు బాటలలో ఇది ఒకటి. ఆ నీటి బాటలో నగరపు వాకిలి ఎన్నూరు.

నేటి పాలన, నివాసి స్థానం

ఎన్నికైన పౌరపాలన మెల్లగా వచ్చింది. 1882లో రిపన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం దానికి తొలి బలమైన అడుగు. ఆయన పేరిట నిర్మించిన నగరపాలక భవనం 1913లో ప్రారంభమైంది. 1919 నాటి మద్రాసు నగర పురపాలక చట్టం కింద తొలి అనధికార అధ్యక్షుడైనవాడు పిట్టి త్యాగరాయ శెట్టి. ఉత్తర మద్రాసుకు చెందిన తెలుగు కుటుంబీకుడు. చిన్న వెంకటాద్రి కాలానికీ ఆయన కాలానికీ భేదం ఉన్నది. ఒకరిని కంపెనీ కూర్చోబెట్టింది. మరొకరు ఎన్నికల ద్వారా సభకు వచ్చారు. అయినా ఆనాటి ఓటు పన్ను కట్టగలిగినవారికే పరిమితం. ప్రతి వయోజనునికి ఓటు స్వాతంత్ర్యం తరువాతనే దక్కింది.

కత్తివాక్కం చాలా కాలం వేరుగా పురపాలక సంఘంగా ఉండేది. 2011లో తిరువొత్తియూరు, మణలి, మాధవరం, అంబత్తూరు వంటి పొరుగు పట్టణాలతోబాటు అది చెన్నై నగరపాలక సంస్థలో విలీనమైంది. నగరం వైశాల్యం 174 చదరపు కిలోమీటర్ల నుండి 426 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. 200 వార్డులు, 15 మండలాలు ఏర్పడ్డాయి. ఎన్నూరు ఒకటవ మండలమైన తిరువొత్తియూరు మండలంలోనిది. వార్డుల లెక్క కూడ ఈ ఉత్తరపు కొస నుండే మొదలవుతుంది.

1717 నాటి ఎన్నూరు నివాసికీ, నేటి నివాసికీ మధ్య ఉన్న తేడాను ఇక్కడ గమనించాలి. ఆనాడు ఊరి భవిష్యత్తును నిర్ణయించిన పత్రాలలో ఊరివారి పేర్లు లేవు. నేటి ప్రధాన పత్రం ఓటరు జాబితా. అందులో పేరు ఉండటానికి భాష గాని, సొంత ఇల్లు గాని, పుట్టిన ఊరు గాని అడ్డు కావు. పద్దెనిమిదేళ్ళు నిండిన భారత పౌరుడై, ఆ ప్రాంతంలో మామూలుగా నివసిస్తున్నవారై ఉంటే చాలు. అద్దె ఇంట్లో ఉన్నవారికి కూడ ఇదే వర్తిస్తుంది. కొత్తగా పేరు చేర్చుకొనేవారు ఆరవ నమూనా దరఖాస్తును, ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉన్న ఓటును ఇక్కడికి మార్చుకొనేవారు ఎనిమిదవ నమూనా దరఖాస్తును ఇవ్వాలి. ఒకరికి ఒకే చోట ఓటు ఉండాలి కాబట్టి, సొంతూరి ఓటును ఉంచుకోవాలా, ఇక్కడికి తెచ్చుకోవాలా అన్నది ఆ కుటుంబం ఆలోచించి నిర్ణయించుకోవలసిన విషయం.

ఈ నిర్ణయం చిన్నది కాదు. 2023 డిసెంబరులో తుపాను వరదల వేళ చమురు తెట్టు ఎన్నూరు ఉప్పుటేటిలో వ్యాపించి పడవలు, వలలు నల్లబడ్డాయి. అటువంటి వేళ సహాయం అందించడానికి యంత్రాంగం మొదట వెదికేది నమోదు పత్రాలను: కుటుంబ కార్డు, చిరునామా, వృత్తి సంఘపు జాబితా. ఎక్కడా పేరు లేని కుటుంబం నష్టపోయినదని నిరూపించడం కష్టం. వీధి దీపం, వాననీటి కాలువ, చెత్త సేకరణ, ఆరోగ్య కేంద్రం వంటి నిత్యావసరాలకు కూడ వార్డులో ఎందరు ఉన్నారన్న లెక్కే ఆధారం. తెలుగు కుటుంబాలు లెక్కకు రాకపోతే వారి అవసరాలూ లెక్కకు రావు.

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ స్థానం కల్పించింది. దాని వెలుగులో తమిళనాడు రూపొందించిన పట్టణ స్థానిక సంస్థల చట్టం 2023లో అమలులోకి వచ్చి, పాత 1919 చట్టం స్థానాన్ని తీసుకొన్నది. వార్డు కమిటీలు, ఏరియా సభలు 2022 నుండి ఏర్పడుతున్నాయి. ఏరియా సభలో తమ వీధి సమస్యను నివాసులు నేరుగా చెప్పుకోవచ్చు. ఫిర్యాదులకు నగరపాలక సంస్థ ఫోను సంఖ్య 1913. ఇచ్చిన ఫిర్యాదుకు నమోదు సంఖ్య అడిగి వ్రాసి పెట్టుకోవడం మంచిది. తరువాత అదే విషయాన్ని మండల కార్యాలయంలోనో, వార్డు సభ్యుని వద్దనో, ఏరియా సభలోనో ప్రస్తావించేటప్పుడు ఆ సంఖ్య ఉపయోగపడుతుంది.

కంపెనీ తన కౌలు పత్రాలను, ఫర్మానాలను ఎంతో జాగ్రత్తగా దాచుకొన్నది. ఒక నవాబు కాదన్నప్పుడు వెనుకటి పత్రం తీసి చూపింది. అది చాలకపోతే ఢిల్లీ దాకా వెళ్ళి పెద్ద ముద్ర వేయించుకొన్నది. ఆ ఓపికలో పదోవంతు చూపినా, ఎన్నూరులో స్థిరపడిన కుటుంబం తన హక్కులను నిలుపుకోగలదు. ఇంటి అద్దె ఒప్పందం, ఓటరు గుర్తింపు, కుటుంబ కార్డు, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఫిర్యాదుల రసీదులు ఒక సంచిలో, వరద నీరు అందని ఎత్తులో ఉంచుకోవాలి. ఏరియా సభ జరిగే తేదీని వార్డు కార్యాలయంలో ముందుగా తెలుసుకొని, ఇంటికి ఒక్కరైనా వెళ్ళాలి.